ఏటీఎం కార్డుంటే చాలు, షుగర్ ఉన్నవాళ్ళకీ ఫ్రీగా ట్రావెల్ ఇన్సూరెన్సా?

నాలుగు రోజులుగా మా బంధువుల గ్రూపులోనూ, మా వీధి గ్రూపులోనూ, ఆఖరికి మా నాన్నతో కలిసి పొద్దున్నే వీఆర్సీ గ్రౌండ్‌లో నడిచేవాళ్ళ గ్రూపులోనూ ఒకటే మెసేజ్ తిరుగుతోంది. దాని సారాంశం ఇది. "బ్యాంకు ఖాతా ఉన్నవాళ్ళు విదేశాలకు వెళ్ళేటప్పుడు వేరే ఇన్సూరెన్స్ కొని డబ్బులు దండగ చేసుకోవద్దు. ఏటీఎం కార్డు మీదే 10 లక్షల దాకా ఆస్పత్రి ఖర్చు ఇస్తారు. షుగర్, బీపీ, గుండె జబ్బు ఉన్నా ఇస్తారు. వాళ్ళు అడగరు, మీరు చెప్పొద్దు. మూడేళ్ళు దాటిన జబ్బు అసలు లెక్కలోకే రాదు. లండన్‌లో అందరికీ ఇలాగే ఇస్తున్నారు. పది మందికి పంపండి."

పది మందికి కాదు, వంద మందికి పంపేశారు. నెల్లూరు, కావలి, ఒంగోలు ఎక్కడ చూసినా పిల్లలు బయటి దేశాల్లో ఉన్న ఇల్లు వీధికొకటి ఉంది. కూతురి కాన్పుకనో, మనవడిని చూడాలనో అమ్మానాన్నలు చెన్నై పోయి విమానం ఎక్కుతున్నారు, వాళ్ళ చేతి సంచుల్లో బట్టలకన్నా ముందు సర్దేది మాత్రల డబ్బా. ఈ మెసేజ్ నమ్మితే దెబ్బ తినేది సరిగ్గా వాళ్ళే, అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ముందు ఆ 10 లక్షల సంగతి. మన దగ్గర మామూలు ఖాతాకు, డెబిట్ కార్డుకు కలిపి ఇచ్చేది చాలావరకు ప్రమాద బీమా. జబ్బు చేస్తే వచ్చే డబ్బు కాదు, ప్రమాదంలో మనిషి పోతే నామినీకి వచ్చే డబ్బు. జన్‌ధన్ ఖాతా రూపే కార్డు మీద ఉన్నది అదే. 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన ఖాతాలకు 2 లక్షలు, అదీ ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఆ కార్డుతో ఒక్కసారైనా లావాదేవీ జరిగి ఉంటేనే. బీరువాలో దాచిన కార్డుకు ఏమీ రాదు. ఇక మీ పాస్‌బుక్కులో ఏటా మే నెలాఖరుకు 20 రూపాయలు కట్ అయినట్టు ఒక లైను కనిపిస్తుందే, అది సురక్షా బీమా యోజన. ప్రమాదంలో చనిపోయినా, రెండు కళ్ళో రెండు కాళ్ళో పూర్తిగా పోయినా 2 లక్షలు, ఒకటి పోతే లక్ష. గుండెపోటుతో పోతే అందులో పైసా రాదు, అది ప్రమాదం కిందికి రాదు కాబట్టి. ఖరీదైన కార్డుల మీద 50 లక్షలు, కోటి అని రాసి ఉంటుంది చూడండి, అది ఎక్కువగా విమాన ప్రమాదానికి, అందులోనూ టికెట్ ఆ కార్డుతోనే కొని ఉండాలనే షరతు మామూలు. కొన్ని పెద్ద కార్డులకు విదేశీ వైద్యం కవర్ కూడా ఉంటుంది, లేదనను. కానీ ముందునుంచి ఉన్న జబ్బులకు వర్తించదని ఒక పేరా దాని షరతుల్లో దాదాపు తప్పకుండా ఉంటుంది. వైద్య సేవ కార్డు, ఆయుష్మాన్ కార్డు కూడా పనికొస్తాయని ఒకాయన ఆ మెసేజ్ కింద రాశాడు. రావు, అవి దేశం దాటితే పనిచేయవు.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించిన మాట: "వాళ్ళు అడగరు, మీరు చెప్పొద్దు."

కార్డుతో వచ్చే కవర్‌కు ఫారం ఉండదు కాబట్టి ఎవరూ అడగరు, అది నిజమే. అడగలేదంటే ఒప్పుకున్నట్టు కాదు కదా. అడగకుండానే మినహాయించి పెట్టుకున్నారు. విడిగా కొనే పాలసీలో మాత్రం కచ్చితంగా అడుగుతారు, అక్కడ దాచితే ఇంకా ప్రమాదం. పోయిన నెల మా నాన్నకు ఫారం నింపుతూ కూర్చున్నాం. భోజనాల బల్ల మీద పొద్దుటి మాత్రల షీట్లు మూడు, రాత్రివి రెండు అక్కడే ఉన్నాయి. "బీపీ ఉందా?" అని చదివాను. "కంట్రోల్‌లోనే ఉంది గదా, లేదని కొట్టు" అన్నాడు. "స్టెంట్?" అంటే "అది వేసి ఎన్నాళ్ళయింది, ఇప్పుడు గుండె బాగుంది గదా" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. మన ఇళ్ళలో కంట్రోల్‌లో ఉంటే లేనట్టే లెక్క. కానీ ఇన్సూరెన్స్ వాళ్ళ లెక్కలో మాత్ర వేసుకుంటున్నారంటే జబ్బు ఉన్నట్టే. పైగా ఎంత దాచినా రేపు అక్కడ ఆస్పత్రిలో చేరగానే డాక్టర్ మొదట అడిగేది పాత చరిత్రే, ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరూ దాచరు, దాచకూడదు కూడా. పదేళ్ళుగా షుగర్, గుండెలో స్టెంట్ అని కేస్ షీట్‌లోకి ఎక్కుతుంది. క్లెయిమ్ పరిశీలించేవాళ్ళు తెప్పించుకునేది ఆ కేస్ షీట్‌నే. ఫారంలో లేదని, కేస్ షీట్‌లో ఉందని ఉంటే ఇక వాళ్ళతో ఏం వాదిస్తాం?

"మూడేళ్ళు దాటితే లెక్కలోకి రాదు" అనేది సగం తెలిసి రాసిన మాట. ఇక్కడి ఆరోగ్య బీమాలో ముందునుంచి ఉన్న జబ్బుకు వేచి ఉండాల్సిన కాలం 36 నెలలకు మించకూడదని బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో నిబంధన తెచ్చింది, అంతకుముందు 48 నెలలు ఉండేది. అది ఏటా రెన్యూవల్ చేసుకుంటూ వచ్చే పాలసీకి సంబంధించిన సంగతి. నలభై రోజులకో, ఆరు నెలలకో తీసుకునే ట్రావెల్ పాలసీకి దాన్ని అతికించడం కుదరదు. అక్కడ ఆ పాలసీలో రాసిన మాటే చెల్లుతుంది.

లండన్ మాట దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే అందులో నిజం కూడా ఉంది. బ్రిటన్‌లో నెలనెలా ఫీజు కట్టే బ్యాంకు ఖాతాలు ఉన్నాయి, వాటితోపాటు కుటుంబానికంతా ట్రావెల్ ఇన్సూరెన్స్, ఫోన్ ఇన్సూరెన్స్, దారిలో కారు ఆగిపోతే సాయం ఇలాంటివి కలిపి ఇస్తారు. ఫ్రీ కాదు, ఫీజులోనే ఉంది. అక్కడ కూడా జబ్బు ఉంటే ముందుగా చెప్పాలి, విని కొందరికి సరే అంటారు, కొందరికి అదనంగా కట్టమంటారు, కొందరికి ఆ జబ్బు వరకు కవర్ లేదంటారు. వయసు పరిమితి కూడా ఉంటుంది, చాలాచోట్ల 70. జబ్బు కారణంగా కవర్ ఇవ్వకపోతే, అలాంటివాళ్ళకు ఇచ్చే ప్రత్యేక సంస్థల జాబితా ఎక్కడుందో చెప్పి తీరాలని అక్కడి నియంత్రణ సంస్థ 2021 నుంచి నియమం పెట్టింది. మంచి నియమం, మన దగ్గరా ఉంటే బాగుండు. అయితే ఆ కవర్ బ్రిటన్‌లో నివాసం ఉండే ఖాతాదారుకు, భార్యాపిల్లలకు. నెల్లూరు నుంచి చూడ్డానికి వెళ్ళిన అమ్మానాన్నలకు కాదు.

ఇది మా పెదనాన్న విషయంలో అనుభవమైంది. కావలిలో పెన్షన్ ఖాతా ఉన్న బ్రాంచికి వెళ్ళి అడిగితే, కౌంటర్‌లో ఉన్నాయన "మీ కార్డుకు ఇన్సూరెన్స్ ఉంది సార్, నిశ్చింతగా వెళ్ళిరండి" అన్నాడట. బ్రిటన్‌లో ఉండే కొడుకేమో, తన అక్కడి ఖాతాతో కుటుంబానికంతా కవర్ ఉంది కదా అనుకున్నాడు. ఇద్దరూ పాలసీ కాగితం తెరవలేదు. వెళ్ళిన ఐదో వారంలో ఛాతీ నొప్పి, మూడు రాత్రులు ఆస్పత్రిలో. అక్కడ ఎమర్జెన్సీ విభాగంలో చూడడం వరకు సందర్శకులకూ ఉచితమే, వార్డులో చేర్చుకున్న దగ్గర్నుంచి బిల్లు మొదలవుతుంది, అదీ అక్కడి ప్రభుత్వ ఆస్పత్రుల మామూలు రేటుకు ఒకటిన్నర రెట్లు. 500 పౌండ్లకు పైగా బాకీ ఉండిపోతే తర్వాత వీసా దగ్గర ఇబ్బంది రావచ్చు. ఇక్కడి కార్డు వాళ్ళ జవాబు రెండే లైన్లు: ఇది ప్రమాద మరణానికి మాత్రమే, మీ క్లెయిమ్ పరిశీలించలేము. కొడుకు ఖాతా కవర్‌లో ఈయన పేరే లేదు. మా అన్న ఆ బిల్లును వాయిదాల్లో కట్టుకుంటూ పోయాడు. పెదనాన్న తిరిగొచ్చాక చాన్నాళ్ళు "నా వల్లే గదరా వాడికి ఇంత భారం" అని అదే మాట అంటూ ఉండేవాడు. ఆరోగ్యం కుదుటపడినా ఆ మాట పోలేదు.

కాబట్టి బ్యాంకులో "ఇన్సూరెన్స్ ఉందా?" అని నోటితో అడిగి రాకండి. ఇన్సూరెన్స్ కంపెనీ ఏది, పాలసీ షరతుల కాగితం ఇవ్వండి అని అడగండి, కవర్ ఇచ్చేది బ్యాంకు కాదు, వెనకున్న ఆ కంపెనీ. వాళ్ళకు మెయిల్ పెట్టండి: నా వయసు ఇంత, ఈ జబ్బులున్నాయి, ఈ మందులు వాడుతున్నాను, ఫలానా దేశంలో ఇన్ని రోజులు ఉంటాను, జబ్బు తిరగబెడితే ఆస్పత్రి ఖర్చు ఇస్తారా, ఎంత వరకు? జవాబు రాతలో తీసుకోండి. యూరప్ షెంజెన్ వీసాకైతే కనీసం 30,000 యూరోల వైద్య కవర్ చూపించాలి, దానికి కార్డు వెనక రాసిన మాటలు సరిపోవు. వేరే పాలసీ కొంటే ఇక్కడ బయల్దేరకముందే కొనండి. క్లెయిమ్ విషయంలో అన్యాయం జరిగిందనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు, ఖర్చేమీ లేదు, లాయర్ అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ ఫోన్ నంబరు 155255.

మా నాన్న ఫారం సంగతి చెప్పాలి. గంటసేపు వాదించుకున్నాక, స్టెంట్ వేసిన తేదీ డిశ్చార్జి సమ్మరీలో చూసి, కళ్ళద్దాలు పెట్టుకుని తనే రాశాడు. ప్రీమియం పెరిగింది. గుండెకు సంబంధించిన మామూలు వైద్యం ఇవ్వమని, ప్రాణాపాయం వస్తే మాత్రం ఫలానా మొత్తం వరకు ఇస్తామని కంపెనీ మెయిల్ పంపింది. ఆ మొత్తం మేం అనుకున్న దానికన్నా తక్కువే, మిగతాది మేమే సర్దుకోవాలని అక్కడున్న చెల్లెలికి ఇప్పుడే తెలుసు. నాన్న ఆ మెయిల్‌ను ట్రంకు రోడ్డులో రెండు కాపీలు ప్రింటు తీయించి, ఒకటి పాస్‌పోర్టు కవర్‌లో, ఒకటి మాత్రల డబ్బా అడుగున పెట్టుకున్నాడు.