వదిలేయడానికే పట్టే చేప

సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదే పులస కోసం పుస్తెలమ్మినా తప్పులేదంటారు మనవాళ్లు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో స్టీల్‌హెడ్ కూడా అలా సముద్రం నుంచి నదికి తిరిగొచ్చే చేపే. అయితే సరదాకు గాలం వేసేవారు నదిలో సహజంగా పుట్టిన స్టీల్‌హెడ్‌ను తినకూడదు, వదిలేయాలి. నీటిలోంచి పూర్తిగా పైకెత్తడమూ నిషేధమే. హేచరీలో పెంచి వదిలే చేపలకు తోక దగ్గరి చిన్న కొవ్వు రెక్కను ముందే కత్తిరిస్తారు కనుక తేడా తెలిసిపోతుంది.

తినని చేపను పట్టడమెందుకు? గాలం వేసేవారి జవాబు తేలిగ్గా తోసేయదగ్గది కాదు. 1950 నాటి చట్టం ప్రకారం గాలాలు, కర్రల మీద వేసే పన్ను చేపల సంరక్షణకే వెళుతుంది. ఆనకట్టలకు ఎదురు నిలిచేవారిలోనూ వీళ్లు ముందుంటారు. గాలం వేయకుండా నదిని మూసేస్తే దాని గోడు పట్టించుకునేవారు తగ్గుతారన్నది నిజమే. ఆ వాదనలో కొంత స్వార్థమూ ఉందనుకోండి.

చల్లటి నీటిలో, ముల్లు నొక్కేసిన ఒంటి గాలంతో పట్టి వెంటనే వదిలితే చనిపోయేవి నూటికి కొద్దే. నీరు 20 డిగ్రీలకు చేరితే లెక్క తలకిందులవుతుంది. అలసిన చేపకు అప్పుడు చాలినంత ప్రాణవాయువు దొరకదు. ఎర మింగిన చేపకు మొప్పలు చిరగవచ్చు. పడవలుంటే చేప దాక్కునే మడుగంటూ మిగలదు. 2020 డిసెంబరులో వాషింగ్టన్‌లోని ఒలింపిక్ ద్వీపకల్పపు నదుల్లో ఎరను, పడవలోంచి గాలం వేయడాన్ని ఆపేశారు. పసిఫిక్ సాల్మన్‌లా స్టీల్‌హెడ్ ఒక్కసారి గుడ్లు పెట్టి చనిపోవాలని లేదు, మళ్లీ రాగలదు. అందుకే ఒక్క చేప పోతే తర్వాతి తరమూ కొంత పోయినట్టే.

స్టీల్‌హెడ్ సంఖ్య పడిపోవడానికి ప్రధాన కారణం గాలం కాదు. దిగువ స్నేక్ నది మీది నాలుగు ఆనకట్టలు, నరికేసిన అడవులు, వేడెక్కుతున్న సముద్రం. కాని చంపింది మేము కాదన్నది పట్టడానికి అనుమతిపత్రం కాలేదు. వేల చేపలొచ్చే నదిలో నూటికి మూడు పోతే నది తట్టుకుంటుంది. కెనడాలోని థాంప్సన్ నదిలాగా వందలకు పడిపోయిన చోట ఆ మూడే ఎక్కువ.

ఏళ్ల తరబడి మూసి ఉన్న వాషింగ్టన్‌లోని స్కాజిట్ నదిని 2018లో తెరిచిన తీరు నాకు నచ్చింది. ముందస్తు అంచనా బాగుంటేనే గాలానికి అనుమతి, పైగా నిత్యం లెక్కింపు. 2021లో ఓరెగాన్‌లోని నార్త్ అంప్‌క్వా నదిలో వేసవిలో తిరిగొచ్చే స్టీల్‌హెడ్ మరీ తగ్గడంతో ఆగస్టు నుంచి నవంబరు దాకా గాలమే వద్దన్నారు. గాలం వేసేవారిలో కొందరికి అది మింగుడుపడలేదేమో, నాకు మాత్రం అందులో తప్పు కనబడదు.