చిన్న బండ ఎక్కడ కొనాలి?

తిరుపతిలో గది అద్దెకు తీసుకుని చదువుకునే పిల్లల్ని అడగండి, చిన్న గ్యాస్ బండ ఎక్కడ నింపిస్తారో ఠక్కున చెబుతారు. వీధి చివర స్టవ్వులు రిపేరు చేసే షాపు. లోపల 14.2 కిలోల బండను స్టూలు మీద తలకిందులుగా నిలబెట్టి, కింద చిన్న బండ పెట్టి, మధ్యలో పైపు బిగిస్తారు. బుస్సుమని చప్పుడు, గుప్పున వాసన. పక్కనే ఎవరో టీ తాగుతుంటారు. అంతదూరం పోవడమెందుకని ఆ పైపేదో కొనుక్కుని గదిలోనే కానిచ్చేవాళ్లూ ఉన్నారు. అసలు భయం వాళ్ల గురించే.

ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఈ గ్యాస్ బండలో ద్రవంగా ఉంటుంది. ఎండకు ఉబ్బుతుంది. అందుకే ప్లాంటులో కాటా మీద తూచి నింపుతారు, పైన కొంత ఖాళీ వదులుతారు. ఇంట్లో నింపేవాడికి కాటా ఎక్కడిది? ‘ఇంకాస్త పడుతుందిలే’ అన్న అంచనాయే. పైగా మే నెల, రేకుల గది. కారిన గ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి కిటికీ తీసినంత మాత్రాన పోదు. నేలబారున పాకి మంచం కింద చేరుతుంది. గాలిలో సుమారు రెండు శాతం ఉంటే చాలు, స్విచ్చు వేసినప్పుడు లేచే రవ్వకే అంటుకుంటుంది.

లైసెన్సు లేకుండా ఇలా ఎక్కించడం నేరం. దాడులు జరుగుతాయి, పట్టుబడ్డ బండలను వరుసగా పేర్చి ఫొటో తీస్తారు. వారం తిరక్కుండా పక్క సందులో ఇంకో షాపు తెరుస్తారు. తెరవక ఏం చేస్తారు, గిరాకీ అలాగే ఉంటే?

గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, 5 కిలోల బండ ఇచ్చే పద్ధతి 2013 నుంచే ఉంది. చిరునామా రుజువు అక్కర్లేదు. కానీ దాని ధర వాణిజ్య బండ లెక్కన. ఇంటి కనెక్షన్ ఉన్నవారి బండ మీద జీఎస్టీ 5 శాతం, వాణిజ్య బండ మీద 18. రెండు పూటలా అన్నం వండుకునే విద్యార్థి, రేణిగుంటలో పనికొచ్చిన కూలీ హోటల్ యజమాని రేటు కట్టాలన్నమాట! ఈ లెక్క మాకు మింగుడు పడటం లేదు.

ఇంటి బండ ధరకే వాళ్లకు చిన్న బండ ఇవ్వాలి. ధర తగ్గించడం ఢిల్లీ పని, సరే. విశ్వవిద్యాలయం చుట్టుపక్కల ఏ బంకులో, ఏ కిరాణా కొట్టులో ఆ బండ దొరుకుతుందో చెప్పడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. దాడికి వెళ్లే అధికారులు సీలు వేసిన తలుపు మీద ఆ చిరునామాలు కూడా అంటించి రావాలి.