ఎవరూ అనే పెద్దమనిషి

విజయనగరం జిల్లా పల్లెల్లో కల్వర్టులు లేవటానికి నిధుల కొరతే అడ్డమని ఇన్నాళ్లూ అపోహ పడ్డాం. అసలు అడ్డం మాటల అర్థాల్లో ఉన్న రకాలు. ఫార్మల్ సెమాంటిక్స్, అంటే వాక్యాల అర్థాన్ని తర్కంతో లెక్కగట్టే శాస్త్రం ప్రకారం రుజువు చేస్తాను, కాస్త ఓపిక పట్టండి.

రిచర్డ్ మాంటేగ్ అనే అమెరికా తర్కవేత్త 1970 ప్రాంతంలో నిలబెట్టిన ఈ పద్ధతికి పెట్టుబడి తక్కువ. ముఖ్యమైన మూల రకాలు రెండే. 'ఇ' అంటే మనిషో వస్తువో, 'టి' అంటే నిజమో అబద్ధమో. మిగతావి వీటితో అల్లినవే. 'నవ్వాడు'కి ఒక 'ఇ'ని, అంటే సర్పంచి గారిని, అందిస్తే 'టి' వస్తుంది: ఆయన నవ్వింది నిజమో కాదో తేలిపోతుంది. 'కట్టాడు' అంత సులువుగా లొంగదు. ముందు కల్వర్టు, తర్వాత కాంట్రాక్టరు, ఇద్దరూ దొరికితేగాని నిజం చెప్పదు.

ఇక పంచాయతీ ఆఫీసు మాట వినండి: "ఎవరూ పట్టించుకోలేదండీ." ఈ 'ఎవరూ' 'ఇ' రకం అయితే ఆయనకో హాజరు పట్టీ ఉండేది, మెమో ఇచ్చేవాళ్లం. కాదు. మామూలు మనిషి క్రియ చేతిలో పడతాడు. 'ఎవరూ' వస్తే క్రియే వెళ్లి ఆయన చేతిలో పడుతుంది. హోదాలో అంత పైవాడు! ఇంగ్లీషులో 'నోబడీ' ఒక్కడే పని కానిచ్చేస్తాడు. మన 'ఎవరూ'కి క్రియలోంచి 'లేదు' తోడు రావాలి. ఉత్తరాంధ్ర ఆఫీసుల్లో ఏ తప్పూ ఒంటరిగా జరగదు కదా.

'కాంట్రాక్టరు ప్రతి కల్వర్టూ కట్టాడు' అనే వాక్యం ఇంకా క్లిష్టం. 'కట్టాడు' అడిగేది 'ఇ'ని. 'ప్రతి కల్వర్టూ' ఆ రకం కాదు, అక్కడ ఇమడదు. హైమ్, క్రాట్జర్ అనే భాషాశాస్త్రవేత్తలు తమ 1998 పాఠ్యపుస్తకంలో దీనికి చెప్పిన మందు ఏమిటంటే, ఆ పదబంధాన్ని వాక్యం పైకి లేపేయడం, కింద ఒక జాడ వదలడం. కల్వర్టును కాగితం మీదికి లేపి కింద జాడ మాత్రం మిగల్చడం మా ఇంజినీర్లకు ఆ పుస్తకం రాకముందే తెలుసు. ఆ జాడను మేం శిలాఫలకం అంటాం.

కాబట్టి నా డిమాండు ఒక్కటే. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీ ఫారంలో 'రకం' అనే గడి చేర్చాలి. బాధ్యుడి పేరు 'ఇ' రకం కాకపోతే ఫారం వెనక్కి పంపాలి. 'చూద్దాం' అని రాసిస్తే? అందులోంచి 'టి' ఎప్పటికీ రాదు. దానికి వేరే కౌంటర్ పెట్టండి. క్యూ పెద్దదే ఉంటుంది, టెంటు కూడా వేయించండి.