పదహారేళ్లకే పరిశోధన పత్రమట!

మా న్యూజెర్సీ ఎడిసన్‌లో ఏ బర్త్‌డే పార్టీకెళ్లినా ఇదే గోల: "మీవాడి రీసెర్చ్ ఎంతదాకా వచ్చిందండీ?" తడి తువ్వాలు ఎక్కడ ఆరేయాలో ఇంకా తెలీదండీ వాడికి! ఆన్‌లైన్‌లో ఒకాయన పది వారాలు మెంటరింగ్ చేసి పేపర్ వేయిస్తాడట, వేల డాలర్లు. వేసే జర్నల్ కూడా వాళ్లదే. ఎంఐటీలో హైస్కూల్ పిల్లలకు జరిగే వేసవి రీసెర్చ్ ప్రోగ్రాం ఆర్‌ఎస్‌ఐకి ఫీజు లేదు, నిజమే. ప్రపంచమంతా కలిపి తీసుకునేది సుమారు 100 మందిని! ఇంతా చేస్తే, కాలేజీలకు అప్లై చేసే కామన్ యాప్‌లో ఒక్కో యాక్టివిటీ వివరానికి చోటు 150 క్యారెక్టర్లు, ఖాళీలతో కలిపి. ల్యాబ్‌లో చోటివ్వమని ప్రొఫెసర్లకు నలభై మెయిళ్లు పెట్టాడు మావాడు, పాపం. ఒక్కాయన జవాబిచ్చాడు, వేసవిలో ఊళ్లో ఉండడట. పక్కింటబ్బాయి మాత్రం ల్యాబ్‌లో చేరిపోయాడు. ల్యాబ్ వాళ్ల నాన్నదే.