సవరణ: తప్పనిసరి మెడికల్ లీవ్, అమెరికాలో ఎఫ్-1 (విద్యార్థి వీసా) స్టేటస్

"యూనివర్సిటీ బలవంతంగా మెడికల్ లీవ్‌లో పంపితే స్టేటస్ పోయినట్టే" అని ముందటి పోస్టులో ఉంది. అన్నిసార్లూ అలా కాదు. డాక్టరు లేదా లైసెన్సున్న క్లినికల్ సైకాలజిస్టు లేఖ ఉంటే, ఐ-20 (విద్యార్థి వీసాకు యూనివర్సిటీ ఇచ్చే పత్రం) చూసే యూనివర్సిటీ అధికారి డీఎస్‌వో ఆ టర్ముకు క్రెడిట్లు సున్నా వరకూ తగ్గించవచ్చు; అమెరికాలోనే ఉండి చికిత్స చేయించుకోవచ్చు. ఈ వెసులుబాటు ఒక్కో డిగ్రీ స్థాయికి మొత్తం 12 నెలల వరకే, ప్రతి టర్ముకూ మళ్లీ అనుమతి తీసుకోవాలి. డీన్ ఇచ్చే లీవ్ ఉత్తర్వు వైద్య లేఖకు బదులు పనికిరాదు.

బెడిసికొట్టేది ఎక్కువగా ఇక్కడే: డీఎస్‌వో సరేననకముందే కోర్సులు డ్రాప్ చేసేస్తారు. అప్పుడు స్టేటస్ నిజంగానే చెడుతుంది.

ఇంటికి రావడమే మేలనుకుంటే, అనుమతితో విత్‌డ్రా అయ్యాక 15 రోజుల్లో బయల్దేరాలి. విరామం ఐదు నెలలు దాటితే మామూలుగా కొత్త ఐ-20, మళ్లీ సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డు వ్యవస్థ) ఫీజు. సీపీటీ, ఓపీటీలకు (చదువుకు సంబంధించిన పని చేసేందుకు ఇచ్చే అనుమతులకు) కావాల్సిన ఏడాది చదువు లెక్కా మొదటికొస్తుంది.