ఆట రానివాళ్లకే మైదానం ఎక్కువ అవసరం

సాయంత్రం ఐదున్నర. కాలేజీ వాలీబాల్ కోర్టులో ఒకవైపు ఆరుగురు, రెండోవైపు ఐదుగురు. గట్టు మీద ఫోన్ చూసుకుంటున్న ఫస్టియర్ కుర్రాణ్ని ఎవరో కేకేశారు, "ఒకళ్లు తగ్గారు, వస్తావా?" అని. "నాకు సరిగా రాదన్నా" అంటూనే లేచాడు. మొదటి సర్వీస్ నెట్‌కి తగిలింది. మళ్లీ వంతు వచ్చినప్పుడూ అంతే. ఎవరూ విసుక్కోలేదు. వెనకున్న సీనియర్ అతని చేయి పట్టుకుని, బంతి అరచేతిలో ఎక్కడ తగలాలో చూపించాడు. మూడోసారి బంతి నెట్ దాటింది. అవతలివాళ్లు దాన్ని సులువుగానే తిప్పికొట్టారు, పాయింట్ కూడా పోయింది. అయినా ఆ కుర్రాడి ముఖం వెలిగిపోయింది.

కాలేజీలో ఆటలంటే మనకు గుర్తొచ్చేవి ట్రయల్స్, జట్టు, కప్పులు. జట్టులోకి వెళ్లేది పదీ పన్నెండు మంది. మిగతా వందలమంది చప్పట్లు కొట్టేవాళ్లే. ఇది తలకిందుల ఏర్పాటు అని నాకు గట్టిగా అనిపిస్తుంది. బాగా ఆడేవాళ్లు ఎలాగోలా ఆడుకుంటారు. ఆట రానివాళ్లను రమ్మని పిలిచేవాళ్లు కావాలి.

అసలు బాస్కెట్‌బాల్ పుట్టిందే ఇలా. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, చలికి బయట ఆడే వీల్లేక విసిగిపోయిన విద్యార్థుల కోసం జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు రెండు పండ్ల బుట్టలు కట్టించి, 13 నియమాలు రాశాడు. క్లాసులో ఉన్నది 18 మంది. జట్టుకు తొమ్మిదిమంది చొప్పున అందరూ ఆడారు.

ఒంటికి మంచిదన్న సంగతి వేరే చెప్పక్కర్లేదు. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజూ సాయంత్రం అరగంట చొప్పున ఐదు రోజులు ఆడితే ఆ లెక్క తీరిపోతుంది. నిద్ర బాగా పడుతుంది, టెన్షన్ తగ్గుతుంది. అందుకే పరీక్షలు దగ్గరపడగానే ముందుగా ఆట మానిపించడం నాకు నచ్చదు. ఆ రోజుల్లోనే కదా దాని అవసరం ఎక్కువ!

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది స్నేహాల సంగతి. ఇల్లు వదిలి కొత్తగా కాలేజీకి వచ్చినవాళ్లను ఒంటరితనం ఎంత కుంగదీస్తుందో పక్కవాళ్లకు కూడా తెలియదు. జెఫ్రీ హాల్ అనే అమెరికన్ పరిశోధకుడు 2018లో ఒక అంచనా వేశాడు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు కలిసి గడపాలి, ప్రాణస్నేహానికి 200 గంటలకు పైనే పడుతుంది. అందులోనూ పని కోసం పక్కపక్కన కూర్చున్న గంటల కన్నా సరదాగా గడిపిన గంటలకే బలమెక్కువ. రోజుకో గంట, వారానికి ఐదు రోజులు ఆడితే పది వారాల్లో 50 గంటలు నిండుతాయి. పైగా ఏం మాట్లాడాలో తెలియక బిగుసుకుపోయే పిల్లలకు ఇంతకన్నా తేలిక దారి నాకు తోచదు. కోర్టులో మాటలు వెతుక్కోవక్కర్లేదు, బంతి ఇటు వెయ్యి అంటే చాలు.

సరదా ఆటల్లో రిఫరీ ఉండడు. బంతి గీత మీద పడిందా, బయట పడిందా అన్న గొడవను ఆడేవాళ్లే తేల్చుకోవాలి. అలిగి వెళ్లిపోతే అందరి ఆటా ఆగిపోతుంది కాబట్టి ఎవరో ఒకరు తగ్గుతారు, లేదంటే పాయింట్ మళ్లీ ఆడతారు. ఫ్రిస్బీ అనే ప్లాస్టిక్ పళ్లేన్ని విసురుతూ ఆడే అల్టిమేట్ అనే ఆటలో, ప్రపంచ పోటీల్లో కూడా ఫౌల్ అవునో కాదో ఆటగాళ్లే తేల్చుకుంటారు. ఇరవై ఏళ్ల వయసులో, మార్కుల భయం లేకుండా ఇది నేర్చుకునే చోటు ఇంకెక్కడుంది?

ఇబ్బందులు లేవని కాదు. వార్మప్ లేకుండా దూకితే చీలమండ బెణుకుతుంది. అంతకన్నా పెద్ద దెబ్బ వెటకారం. తొలిరోజే నవ్వులపాలైతే ఆ పిల్ల గానీ పిల్లాడు గానీ మళ్లీ అటు రారు. అబ్బాయిలు కోర్టు వదిలితే గానీ అమ్మాయిలకు వంతు రాకపోవడం కూడా అన్యాయమే. వాళ్లకంటూ వేళలు కేటాయించాలి.

కాలేజీలు చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పనేం కాదు. వారంలో మూడు సాయంత్రాలైనా జట్టు ప్రాక్టీసు పక్కనపెట్టి, ఎవరొచ్చినా ఆడుకునేలా కోర్టు వదలాలి. చీకటి పడ్డాక ఇంకో గంట లైట్లు ఉంచాలి. బంతులున్న గదికి తాళం వేసి, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియని పరిస్థితి లేకుండా చూడాలి.