సవరణ: నర్సుల ఐదో బ్యాండ్, ఆరో బ్యాండ్ మధ్య తేడా

బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌లో ఐదో బ్యాండ్ (జీతపు స్థాయి) నర్సుకు కొన్నేళ్ల సర్వీసు నిండగానే ఆరో బ్యాండ్ వస్తుందని గత టపాలో రాశాను, అది తప్పు. సర్వీసును బట్టి పెరిగేది ఆ బ్యాండ్ లోపలి జీతం మాత్రమే. 2004లో అమల్లోకి వచ్చిన ‘అజెండా ఫర్ చేంజ్’ అనే జీతాల విధానంలో బ్యాండును నిర్ణయించేది మనిషి అనుభవం కాదు, పోస్టు బరువు: విషయ పరిజ్ఞానం, సొంతంగా నిర్ణయం తీసుకునే స్వేచ్ఛ, మానసిక శ్రమ వంటి 16 అంశాలకు మార్కులు వేసి, మొత్తం 326 నుంచి 395 వరకు వస్తే ఐదో బ్యాండ్, 396 నుంచి 465 వరకు వస్తే ఆరో బ్యాండ్ ఇస్తారు. ఒక్క మార్కుతో జీతం మారిపోవడం కాస్త కఠినంగానే అనిపిస్తుంది. అయితే షిఫ్టు మొత్తాన్ని నడిపే బాధ్యత రోజూ మోపుతూ ఐదో బ్యాండ్ జీతమే ఇస్తుంటే, పోస్టును మళ్లీ మదింపు చేయమని కోరవచ్చు. ఈ బ్యాండ్లు డాక్టర్లకు వర్తించవు.